పద్మనాభం నడిచొచ్చిన కోట

పద్మనాభం దృష్టిలో లోకంలోని ప్రతి వస్తువూ ఇన్ని అడుగుల దూరంలో ఉంటుంది. అందంగా ఉందా లేదా అన్నది తర్వాతి సంగతి. ఆ 'తర్వాత' చాలాసార్లు రానే రాదు.

అమెరికాలో, మా క్యారీ ఊళ్ళో, ఆయనింటికీ మా ఇంటికీ మధ్య నూట పద్నాలుగు అడుగులు. ముప్ఫయ్యేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి రిటైరైన మనిషి కనుక ఫోన్ చెప్పే లెక్కను నమ్మడు. "కూర్చుని చెయ్యి ఊపినా ఒక అడుగు అంటుందండీ అది" అంటాడు. పెదవులు కదుపుతూ తనే లెక్కపెడతాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే అరచెయ్యి ఎత్తుతాడు. తెలియనివాళ్ళు ఆశీర్వదిస్తున్నాడనుకుంటారు.

రెండేళ్ళ కిందట మా వీధిలో జితేందర్ పోయాడు. నలభై ఆరేళ్ళు. ఫ్యూనరల్ హోమ్‌లో పేటిక మోసిన ఆరుగురిలో మేమిద్దరం ఉన్నాం. దించగానే నా వెనక నుంచి వినిపించింది: "డెబ్బై ఆరు." ఏడుస్తున్న జితేందర్ భార్య కృష్ణవేణి తలెత్తి చూసింది. ఆ రోజంతా నేను ఆయనతో మాట్లాడలేదు.

ఈ ఏడాది మేమిద్దరం, కృష్ణవేణి, ముగ్గురం డెన్మార్క్ వెళ్ళాలనుకున్నాం. అక్కడ సరస్సు నడుమ ఎర్ర ఇటుకల ఫ్రెడరిక్స్‌బోర్గ్ కోట, అవతలి ఒడ్డున తోటలు. కృష్ణవేణి భర్తతో కలిసి చూడాలనుకున్న చోటది. టికెట్లు కొన్న నెలకే ఆమె కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్.

"మీరు వెళ్ళి రండి అన్నయ్యా. నా రాతలో ఆ కోట లేదు. ఫోటోలు తీసుకురండి" అంది.

నేను చాలా కోటలు చూశాను, అంతకన్నా ఎక్కువ చదివాను. రాజులు కట్టినవి, రాజులు పారిపోయినవి. చివరికి అన్నింట్లోనూ మిగిలేది టికెట్ కిటికీ, పింగాణీ కప్పులమ్మే కొట్టు. అయినా ఈ కోట నీళ్ళలో తలకిందులుగా నిలబడి నా నోరు మూయించింది. పద్మనాభం మాత్రం నేల చూస్తూ నడుస్తున్నాడు.

"టైమెంతయిందండీ?" అన్నాను.

అరచెయ్యి లేచేసరికి ఆలస్యమైంది. మూడొందల పదకొండు దగ్గర లెక్క పోయింది. మొదటి గేటు దాకా వెనక్కి వెళ్ళి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

"మూసేస్తారండీ."

"మీరు లోపలికి వెళ్ళండి. నాకింకా తోట ఉంది."

"ఆ పిల్ల ఫోటోలడిగింది. ఒక్కటన్నా తీశారా?"

"అవి నెట్‌లో ఉంటాయి కదండీ."

ఒక్కణ్ణే వెళ్ళాను. కోపంలో ఏం చూశానో సరిగ్గా గుర్తులేదు. బయటికొచ్చేసరికి వానలో, కత్తిరించిన పొదల మధ్య, నోట్‌బుక్ కోటు లోపల దాచుకుని ఇంకా నడుస్తూనే ఉన్నాడు.

తిరిగొచ్చిన రెండు వారాలకు మా పార్కు చెరువు దగ్గర కనిపించాడు, వీల్‌చెయిర్ తోస్తూ. దుప్పటిలో సగానికి సగమైన కృష్ణవేణి.

"వంతెన అయిందమ్మా. నూట ఎనభై. ఎడమవైపు ఫౌంటెన్."

అక్కడున్నది చెత్త డబ్బా. కృష్ణవేణి దాన్ని శ్రద్ధగా చూసింది.

"నిన్న ఇంకో పది ఉన్నాయన్నయ్యా."

ఆయన నోట్‌బుక్ తీశాడు. "అవును. సారీ."

నా మొహం చూసి ఆమె నవ్వింది. "ఫోటోలో నడవలేం కదండీ. ఫ్యూనరల్ రోజు నాకు కళ్ళ ముందు ఏమీ కనపడలేదు. జితేందర్‌ని ఎంత దూరం మోశారని తర్వాత అడిగితే, చెప్పగలిగింది ఈయనొక్కరే."

నేను చెత్త డబ్బా వైపు చూస్తూ నిలబడ్డాను.

"మరి లోపల, అన్నయ్యా?"

"నేను వెళ్ళలేదమ్మా. ఈయన టైమ్ అడిగారు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. పద్మనాభం పెన్ను తీశాడు. "వాకిలి నుంచి పెద్ద హాలుకి ఎంతండీ?"

జన్మలో ఒక్క అడుగు లెక్కపెట్టి ఎరగను. "రెండొందల నలభై" అన్నాను.

"మెట్లతో కలిపా?"

"కాకుండా."

అనుమానంగా చూసి, రాసుకుని, కుర్చీ నా చేతికిచ్చాడు. "అయితే మీరే చూపించండి."

తోశాను. ఇరవై ఏడు దగ్గర ఎవరో తెలుగాయన ఎదురొచ్చి, "బాగున్నారా అంకుల్?" అన్నాడు.

నేను అరచెయ్యి ఎత్తాను.