నాలుగు వేళ్ల మడత

ఆ పొద్దున గోడ అవతల కుట్టుమిషన్ చప్పుడు వినిపించలేదు. కరెంటు పోయిందేమో అనుకున్నాను. కానీ అది కాలుతో తొక్కే మిషన్. కాసేపటికి పక్కింటి కోడలు వచ్చి, "అత్తమ్మ పోయింది పెద్దమ్మా, నిద్రలనే" అంది.

ఆమె నాకన్నా పెద్దది, అందుకే అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేదాన్ని. వరంగల్‌లో మా వాడకట్టు ఆడపిల్లల బట్టలన్నీ ఆమె కుట్టినవే. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడేది. మింగుతుందేమోనని నాకు ఒకటే భయం. "మింగితే నువ్వే దవాఖానకు తోల్కపోదువు తీయ్ చెల్లె" అనేది.

భయం నాకు పుట్టుకతో వచ్చింది. నా దగ్గరే పెరిగే మనవరాలికి బట్టలు కుట్టించినప్పుడల్లా, "పిల్ల పెరుగుతదని లోపల మడిచి బట్ట వదలకు ఆపా, ముందే అనుకుంటే దిష్టి" అని చెప్పేదాన్ని. "సరే చెల్లె, ఫికర్ చెయ్యకు" అనేది.

ఈ ఎండాకాలం పిల్లకు ములుగు హాస్టల్ బడిలో సీటొచ్చింది. అడవి దారి, బస్సు ప్రయాణం. పంపనన్నాను. పిల్ల అన్నం మానేసింది. ఆ ఆదివారం ఆపా మా ఇద్దరినీ పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టింది. బొమ్మల సినిమా, రాజుల కాలం కథ. అందులో ఒక అవ్వ, మనవరాలు ఎటు పోయినా తెలియాలని దాని కాళ్లకు గజ్జెలు కట్టింది. పిల్ల పెరిగింది, గజ్జెలు పెరగలేదు. కాళ్లు ఒరుసుకుపోయాయి. చివరికి వాగు ఒడ్డున వాటిని విప్పి పెట్టి, అడవిలోకి నడిచిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. "అవ్వ చేసిన తప్పేంది ఆపా?"

"తప్పేం లేదు, మంచిదే. పిల్ల కాళ్లు పెరిగినయని జర చూసుకోలే, గంతే."

మనవరాలు మెల్లగా, "రోజూ ఫోన్ చేస్త నాయినమ్మా" అంది.

"బస్సుల వాంతులైతే?"

"నిమ్మకాయ పట్కపోత."

ఆపా పడీపడీ నవ్వింది. నేను మాత్రం "చూద్దాం" అని లేచొచ్చాను. నేను ఔననకముందే ఆపా కన్నుమూసింది.

బడులు తెరిచే ముందు పిల్ల నీలం లంగా పొట్టిదైందని, కింద అతుకు వేద్దామని తిరగేశాను. లైనింగు చాటున నాలుగు వేళ్ల మడత! మిగతావీ తిరగేశాను. అన్నిట్లోనూ ఉంది. నేను వద్దన్న ప్రతిసారీ ఆపా సరే అంది, ప్రతిసారీ వదిలింది. ఆ సన్నకుట్లు విప్పుతూ చాలాసేపు కూర్చున్నాను.

ములుగు బస్సు దగ్గర, "నిమ్మకాయ ఉందా?" అని మళ్లీ మళ్లీ అడిగాను. "ఉందే నాయినమ్మా!" అంటూ పిల్ల మెట్టెక్కింది. ఉతికి ఉతికి వెలిసిన లంగా అంచున, ఇన్నాళ్లూ ఎండ తగలని నాలుగు వేళ్ల పట్టీ, కొత్త నీలంగా.