నాలుగు పిడుల పడవ

మొన్న మా వీధి చివర పెళ్లికి వంట ఒప్పుకున్న మేస్త్రీ ఒకతను గేటు తీసుకుని లోపలికొచ్చి, మంచినీళ్లడిగి తాగి, ప్రహరీగోడ వారన బోర్లించి ఉన్న నీలం రంగు ప్లాస్టిక్ పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. "బాబాయ్, ఇది ఒక్కరోజుకి ఇస్తారా? ఐసు పోసి కూల్‌డ్రింకులు పెట్టుకుంటాను. కడిగి తెచ్చిస్తాలెండి" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏం, నీళ్ల గాబులా కనపడుతోందా నీకు? పడవయ్యా అది!" అని అరిచాను. అతను ఏమాత్రం తొణకకుండా "పడవని తెలుసులే బాబాయ్. తిరువూరులో పడవేం చేసుకుంటారు, ఊరికే పడుందిగదా అని" అన్నాడు. న్యాయమైన మాటే. మాకు సముద్రం లేదు, కృష్ణ ఎక్కడో ఉంది, ఎండాకాలం వస్తే కుళాయి నీళ్లకే కరువు. న్యాయమైన మాట కాబట్టే నాకు కోపం రెట్టింపయింది. పోతూ పోతూ అతను వంగి పడవ అంచు కింద వేలితో తడిమి, "ఈ చిల్లులు పూడ్చారే, అటు రెండు, ఇటు రెండు. దేనికి పెట్టారివి?" అన్నాడు. అంతే, నా కోపం దిగిపోయింది. ఏదో గొణిగి గేటు వేసుకున్నాను. మా ఆవిడ కిటికీలోంచి అంతా చూసి కూడా ఏమీ అనలేదు. ఈ పడవ విషయంలో ఆవిడ ఏమీ అనకపోవడమే పెద్ద అనడం.

ఆ పడవ నేను మా బావ కోసం చేయించింది. చేయించిందేమిటి, నా చేతుల్తో నేనే చేసింది. బావంటే మా అక్క భర్త. గంపలగూడెం అవతల వాళ్ల ఊరు. పత్తి, వరి పండించే మనిషేగానీ ప్రాణమంతా ఊరి చెరువులో ఉండేది. తెల్లారి తూము దగ్గర మోకాల్లోతు నీళ్లలో గాలం పట్టుకుని నిలబడితే ఎండ నడినెత్తికెక్కేదాకా కదిలేవాడు కాదు. జెల్లకి వానపాము, కొర్రమీనుకి కప్పపిల్ల, ఆ ఎర సంచి నడుముకే వేలాడుతూ ఉండేది. ఆ వాసనకి మా అక్క ఆయన చొక్కాలు వేరే బకెట్లో నానబెట్టేది. బావా బామ్మర్దులంటే మావైపు ఒకళ్లనొకళ్లు ఏడిపించుకోవడానికి పుట్టినవాళ్లు. అక్క పెళ్లిలో నన్ను మొదటిసారి చూసి ఆయన "ఈ పుల్లగాడెవడు, పందిరికి గుంజ తక్కువైందా?" అన్నాడు. "పెళ్లికొడుకు పారిపోకుండా కాపలా పెట్టారు" అన్నాను నేను. అక్కణ్ణించి మొదలు. ఆయన నన్ను అయిదో క్లాసు ఇంజినీరనేవాడు, నేనాయన్ని కొంగ అనేవాణ్ణి. చేపలు పడని రోజు ఎవరో ఒకరి ద్వారా కబురు నాకు చేరేది. వెంటనే ఫోను చేసి "ఏంటి కొంగా, ఇవాళ చేపలే నిన్ను చూసి జాలిపడ్డాయంటగా?" అంటే, అవతల నుంచి వచ్చే తిట్లు కాగితం మీద పెట్టదగినవి కావు. చెవికి మాత్రం ఎంత హాయిగా ఉండేవో.

అయిదో క్లాసు ఇంజినీరన్న మాటలో అబద్ధం లేదు. నా బడి అక్కడే ఆగింది. మోటార్లకి వైండింగు చేసే షాపులో ఊడ్చే పనికి చేరి, చిత్తుకాగితాల కొట్లో పాత పుస్తకాలు ఏరుకుని, అర్థం కానివాటిని అర్థమయ్యేదాకా చదివి, చివరికి నా సొంత షాపు పెట్టుకున్నాను. కాలిన మోటారు వాసన చూసి ఏం తప్పు జరిగిందో చెప్పగలిగేవాణ్ణి. డిగ్రీలు చదివినవాళ్లు నా ముందు తెల్లమొహం వేసిన ప్రతిసారీ నాలో ఏదో ఒక వేలెడు ఎత్తు పెరిగేది. ఆ పెరుగుదల వల్ల ఒక నష్టం జరిగింది. నాకు తెలియని సంగతంటూ ఉంటే అది నేనింకా చదవని పుస్తకంలోనో, ఈ మధ్యనైతే నేనింకా చూడని వీడియోలోనో ఉంటుందనుకున్నాను. ఎదురుగా కూర్చున్న మనిషిని అడిగితే తెలుస్తుందని తోచలేదు.

పత్తి తీతలప్పుడు ఒక పొద్దున బావకి పక్షవాతం వచ్చింది. ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. విజయవాడ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక కర్ర ఊతతో వాకిటి దాకా రాగలిగాడు. మాట పోలేదు, కాస్త నెమ్మదైందంతే. నేను వారం వారం యాపిల్ పళ్లు పట్టుకుని వెళ్లేవాణ్ణి. మంచం పక్కన కుర్చీలో కూర్చుని, మెత్తటి గొంతుతో "ఎలా ఉందండీ బావగారూ? తగ్గిపోద్దండీ, మీరేం దిగులు పెట్టుకోకండీ" అనేవాణ్ణి. జీవితమంతా నువ్వూ నువ్వూ అనుకున్న మనిషికి మీరు తగిలించాను. మంచంలో ఉన్న మనిషిని కొంగ అని ఎలా పిలుస్తాం? నోరు రాలేదు. ఆయన నావైపు కాసేపు చూసి, మొహం గోడవైపు తిప్పుకునేవాడు. నేను అక్కకి సైగ చేసి "నిద్రొస్తున్నట్టుంది, పడుకోనీ" అని, పిల్లిలా బయటికి నడిచేవాణ్ణి. అలా రెండేళ్లు నడిచాను.

ఆ యేడు వానలకి వాళ్ల చెరువు నిండింది. అక్క ఫోను చేసి, "పొద్దస్తమానం తూము వైపే చూస్తా కూర్చుంటున్నాడ్రా. అన్నం సయించట్లేదు" అంది. నాలో ఇంజినీరు లేచి నిలబడ్డాడు. కైకలూరు వైపు చేపల చెరువుల్లో మేత చల్లడానికి వాడి పక్కన పడేసిన చిన్న ప్లాస్టిక్ పడవ ఒకటి సంపాదించి, ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను. దాని పొట్ట కింద చీలికని సోల్డరింగు ఐరన్‌తో కరిగించి అతికాను. రెండు వైపులా మూతలు బిగించిన పీవీసీ పైపులు కట్టాను, పక్కకి ఒరగకుండా. మధ్యలో చెక్క వేసి, దానిమీద చేతుల కుర్చీ ఒకటి కాళ్లు సగానికి కోసి, సైకిలు ట్యూబు వాషర్లు వేసి బోల్టులతో బిగించాను. గాలం నిలబెట్టడానికో గొట్టం, గొడుక్కో గొట్టం, మంచినీళ్ల సీసాకో గొట్టం. ఆయన జారిపోకుండా లారీల్లో సరుకు బిగించే బెల్టు పెట్టాను. లీవరు ఎత్తిపట్టి రెండో చేత్తో గుంజితే తప్ప వదలని గట్టి బెల్టు. ఇక అన్నిటికన్నా నేను మురిసిపోయింది పిడుల సంగతి. ఆయన మెట్టు దిగాలన్నా కట్ట దిగాలన్నా కష్టం కదా. అందుకని అంచుల్లో అటు రెండు, ఇటు రెండు చిల్లులు పెట్టి, నైలాను తాడు ఉచ్చులు వేసి, వాటికి నీళ్ల పైపు ముక్కలు తొడిగాను. వాకిట్లోనే పడవలో కూర్చోబెట్టి, ఆటో ఎక్కించి, చెరువు దగ్గర దించి, నీళ్లదాకా పల్లకీలో తీసుకెళ్లినట్టు తీసుకెళ్లొచ్చు. మా ఆవిడ కాఫీ ఇస్తూ, "మీ బావని ఒకసారి కూర్చోబెట్టి చూశారా?" అంది. "అన్నీ అయ్యాక చూస్తాడు. ముందే చెబితే సరదా ఏముంది?" అన్నాను. "సరదా ఎవరికి?" అంది. ఆడవాళ్లకి ఇంజినీరింగు తెలియదనుకుని వదిలేశాను.

అనుకున్న రోజు వాకిట్లో బావ కర్ర పక్కన పెట్టి, పడవలో కుర్చీ ఎక్కి కూర్చున్నాడు. బెల్టు బిగించాను. ఆటో చెరువు కట్ట మీద ఆగింది. చేపల సొసైటీ వాళ్లిద్దరు అక్కడే వల బాగుచేసుకుంటున్నారు, సాయానికి పిలిచాను. నేను, ఆటో అతను, వాళ్లిద్దరు. చేతుల్తో ఎత్తి చూస్తే బరువుకి తాళ్లు వేళ్లని కోసేస్తున్నాయి. వెంటనే నా బుర్ర పనిచేసింది. కట్ట వారన కొట్టి పడేసిన పచ్చి వెదురు బొంగులు రెండు కనపడ్డాయి. వాటిని నాలుగు పిడుల్లోంచి దూర్చి, తలా ఒక కొనా భుజానికెత్తుకున్నాం. ఎంత తేలిగ్గా లేచిందో! నేను ముందువైపు ఉన్నాను. మెడ కూడా తిప్పకుండా "చూశారా అండీ బావగారూ, బరువు ఎలా సర్దుకుందో!" అన్నాను.

కట్ట మీద మోటారు సైకిలు మీద పోతున్న కుర్రాడొకడు మమ్మల్ని చూసి బండి ఆపేశాడు. చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని, రెండు చేతులూ జోడించాడు.

నాకు అప్పటికీ అర్థం కాలేదు. సొసైటీ వాళ్లలో పెద్దాయన నడక ఆపి, నోట్లో ఏదో అనుకున్నాడు. వెనక మా అక్క వస్తోంది, ఒక చేతిలో అన్నం క్యారేజీ, ఇంకో చేతిలో బావ చెప్పులు. రెండు పచ్చి బొంగులు, నలుగురు మోసేవాళ్లు, పైన కదలకుండా మొగుడు. ఆవిడ క్యారేజీ కింద పెట్టి, ఉన్నపళంగా మట్టిలో కూలబడింది. అప్పుడు పైనుంచి బావ గొంతు వినపడింది. నెమ్మదిగా, తాపీగా. "ఒరే అబ్బాయ్, బండి మీదాయనా! దణ్ణం అప్పుడే పెట్టమాకు. ఇంకా టైముంది."

ఆ కుర్రాడు చెప్పులు చేత్తో పట్టుకునే బండెక్కి పారిపోయాడు. మేం దించాం. అక్క ఏడవలేదు. నావైపు చూసి, "నీ చేతులు పడిపోనూ. బతికుండగానే పాడెక్కించావేంట్రా ఆయన్ని" అంది. నా సిగ్గులోకెల్లా సిగ్గు ఇది: ఆ మాట విని కూడా నేను "అదికాదక్కా, బరువు నాలుగు వైపులా సమానంగా పడాలంటే..." అని వివరించడం మొదలుపెట్టాను. చదువుకున్నదంతా ఆ సమయానికి నోట్లోకి వచ్చేసింది.

"ఇది తియ్" అన్నాడు బావ. కుడిచేత్తో బెల్టు లీవరు ఎత్తుతున్నాడు, అది మళ్లీ పడుతోంది. ఎత్తి పట్టుకుంటే గుంజడానికి రెండో చెయ్యి కావాలి. రెండో చెయ్యి ఒళ్లో పడుకుని ఉంది. నేను తీయబోతే ఆగమన్నాడు. ఇంకోసారి ఎత్తి చూపించాడు. "ఒక చేత్తో ఊడదిది. కుర్చీ పడవకి బిగించావు, నన్ను కుర్చీకి బిగించావు. నడి చెరువులో తిరగబడితే?"

మోటారు కాలితే వాసన పసిగట్టే ముక్కు నాది. నా చేత్తో బిగించిన బెల్టులో మనిషి ప్రాణం ఉందని పసిగట్టలేకపోయింది.

"రెండేళ్ల నుంచి చూస్తున్నాను" అన్నాడు బావ, ఒక్కొక్క మాటే ఏరుకుంటున్నట్టు. "ఒక్కనాడన్నా నాతో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడావా? బావగారూ అంట, అండీ అంట! ఇంత చేసేముందు, ఇది ఊడుద్దా బావా అని ఒక్క ముక్క అడిగావా? కాలూ చెయ్యీ పడిపోయింది నాకురా. నోరు పడిపోయింది నీకు."

బెల్టు తీసి ఆయన్ని కట్ట మీద కూర్చోబెట్టి, ఆటో అతని దగ్గర స్పానర్లు తీసుకుని కుర్చీ బోల్టులు విప్పాను. ఎంత గట్టిగా బిగించానో విప్పేటప్పుడు తెలిసింది. నట్లు మట్టిలో పడిపోతున్నాయి, బావ పైనుంచి "ఆ ఎడం పక్కదిరా, గుడ్డా నీకు?" అంటూనే ఉన్నాడు. తరవాత ఖాళీ పడవని నీళ్లలోకి నెట్టించాడు. నా మెడ చుట్టూ కుడిచెయ్యి వేసి, పడిపోయిన కాలు ఈడ్చుకుంటూ తనే కట్ట దిగాడు. చాలాసేపు పట్టింది. నీళ్లు నడుముదాకా వచ్చాక, ఆ నీళ్లే ఆయన బరువు సగం మోశాయి. అంచు పట్టుకుని, నా భుజం మీద మోచెయ్యి ఆనించి, మొసలి గట్టెక్కినట్టు పడవలోకి పొర్లి, లోపల పరిచిన గోనెసంచి మీద కూర్చున్నాడు. నేను రొమ్ముదాకా నీళ్లలో పడవ అంచు పట్టుకుని నిలబడ్డాను. "లోతుకి తీసుకెళ్లమాకు!" అని కట్ట మీంచి అక్క కేకేసింది, మొహం అటు తిప్పుకునే.

గాలం వేశాడు. ఎంతసేపటికీ ఏమీ పడలేదు. నా కాళ్ల కింద బురద, మోకాలి దగ్గర ఏదో గుచ్చుకుంటోంది, పైన ఎండ. ఆయన మొహంలోకి చూడలేక నీళ్లలోకి చూస్తున్నాను. ఆయన నన్నే చూస్తున్నాడని తెలుస్తోంది. ఎదురుచూస్తున్నాడు. చేప కోసం కాదు. చివరికి ఎలాగో నోరు పెగల్చుకుని, "ఏంటి బావా, ఎర గుచ్చావా, లేకపోతే ఖాళీ ముల్లే చూపిస్తున్నావా? ఏ చేప పడుద్ది నీ మొహానికి?" అన్నాను. సగం మాటలు ఏడుపులా వచ్చాయి. బావ ఒక పచ్చి బూతు తిట్టాడు. తిట్టి, తృప్తిగా నీళ్లవైపు తిరిగాడు.

ఆ సాయంత్రం అక్క మమ్మల్ని ఇంట్లోకి రానివ్వలేదు. ఆ బొంగులు చెరువు దగ్గరే పారేయించింది. "తల మీద నీళ్లు పోసుకోకుండా ఒక్కళ్లు గడప తొక్కారంటే ఊరుకోను" అని వాకిట్లో గంగాళం పెట్టింది. శ్మశానం నుంచి వచ్చినవాళ్లు పోసుకున్నట్టే ఇద్దరం పోసుకున్నాం. మోసినవాణ్ణి నేను పోసుకోవడం సరే, మోయించుకున్నవాడు కూడా అరుగు మీద కూర్చుని చెంబుతో పోసుకుంటూ, "నాకెందుకే, పోయినవాడికి మైలేంటి?" అని అక్కని ఏడిపించాడు. అక్క నవ్వలేదు. ఇప్పటికీ ఆ రోజు సంగతి నా దగ్గర ఎత్తదు. పడవని వాళ్ల దొడ్లో పెట్టనివ్వదు గనక అది మా ఇంట్లో ఉంటోంది. పిడులు కోసి, చిల్లులు పూడ్చేశాను. నీళ్లున్నప్పుడు బావ ఫోను చేసి కసురుకుంటే ఆటోలో వేసుకుని వెళ్తాను. ఆయన గోనెసంచి మీద కూర్చుంటాడు, నేను నీళ్లలో నిలబడతాను. తిట్టుకుంటాం.

ఈ వయసులో నిద్ర తక్కువ, ఆలోచన ఎక్కువ. ఆ కుర్రాడి దణ్ణం తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అతను తప్పుగా అర్థం చేసుకున్నాడని ఊరంతా నవ్వింది. నాకు మాత్రం, అతను ఒక్క చూపులో కనిపెట్టింది నేను రెండేళ్లుగా చేస్తున్న పనినే అనిపిస్తుంది. పోయినవాళ్లని మనం కాలం చేశారంటాం. మా బావ ఇంకా కాలం చేయలేదు. ఆయన చేయాల్సిన ఆ ఒక్క పనీ, మెత్తటి గొంతుతో, యాపిల్ పళ్లు పట్టుకెళ్లి, ఆయన తరఫున నేనే ముందుగా చేసేయబోయాను.