పైకప్పును చూసిన కోళ్లు

పశువైద్యం చదివిన గర్వం కొత్త చెప్పుల్లా కిర్రుకిర్రుమంటున్న ఆ రోజుల్లో, ఈ లోకంలో నాకు కారణం తెలియనిది ఏదీ ఉండదని గట్టిగా నమ్మేదాన్ని. (ఇప్పుడు అలాంటి నమ్మకంతో కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లల్ని చూస్తే ముద్దొస్తుంది.) కోళ్ల దాణా తయారుచేసే సంస్థలో పని. వేంపల్లె చుట్టుపక్కల ఫారాలు తిరిగి, దాణా ఎలా పడుతోందో, కోళ్లు సరిగ్గా బరువెక్కుతున్నాయో లేదో చూడాలి. వాటిలో ఒకటి మా అమ్మకు వరసకు తమ్ముడైన బండల మామది. నాపరాళ్ల వ్యాపారం మానుకుని ఉన్నదంతా ఆ షెడ్డు మీదే పెట్టాడు గానీ, పాత పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"పాపా, బిన్నా రా, ఆలస్యం చేయాకు. కోళ్లు పైకి చూస్తాండాయి."

"ఏం చూస్తాండాయి మామా?"

"అది తెలిసింటే నీకెందుకు చేస్తాను?"

బ్రాయిలర్ షెడ్డు గోల రోడ్డు మీదికే వినబడుతుంది. ఆ రోజు స్కూటీ ఆపితే గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. తలుపు తీశాను. షెడ్డులో సగం కోళ్లు కాళ్ల మీద కూలబడి, మెడలు వెనక్కి విరుచుకుని, ముక్కులెత్తి పైకప్పునే చూస్తున్నాయి. మిగతావి వాటి మధ్య నిలబడి మెల్లగా ఊగుతున్నాయి. దాణా ముట్టలేదు. నేను నడిచినా పక్కకు జరగలేదు. నా మెడ కూడా దానంతటదే పైకి లేచింది. రేకులు, ఇనుప దూలాలు, అంతే. వెనక్కి తిరిగితే మామా, అత్తా, ఇద్దరు కూలీలూ తలలెత్తి పైకే చూస్తున్నారు. (ఎవరైనా చూస్తే ఆ రోగం మాకూ అంటుకుందనుకునేవారు.)

వాకిట్లో పీట వేసుకుని కూర్చున్న జేజి, అంటే మామ వాళ్లమ్మ, మెల్లగా అంది: "మీ తాత వచ్చినాడు మే. కోళ్లు వద్దురా అని కన్ను మూసేదాకా మొత్తుకున్యాడు. ఇప్పుడొచ్చి చూసుకుంటాండాడు." తర్వాత పైకప్పు వైపు తిరిగి, "ఏమయ్యా, ఆడేం కూర్చున్యావు, దిగరాదా?" అంది. సరిగ్గా అప్పుడే ఎండకు రేకు ఒకటి ఠంగుమంది. కూలీలిద్దరూ బయటికి పరుగు. నేనూ పరిగెత్తేదాన్నే, నా చదువు గుర్తొచ్చి ఆగాను.

"జేసీబీని పిలిపించినా పాపా. గుంత తీసి అన్నిట్నీ పూడ్చేస్తా. ఈ షెడ్డే నాకొద్దు" అన్నాడు మామ.

"సాయంత్రం దాకా ఆగు మామా" అంటూ ఒక కోడిని ఒళ్లోకి తీసుకున్నాను. మెడ సవరిస్తే మళ్లీ వెనక్కే పోయింది. ఎప్పుడో పాఠంలో చూసిన ఇలాంటి కోడి బొమ్మ గుర్తొచ్చింది. "మందేమన్నా వేసినారా?"

"రెట్టలో నెత్తురు పారుడు పడింటే నీళ్లల్లో మందు కలిపినా."

అత్త గిరుక్కున తిరిగింది. "నువ్వూ కలిపినావా? నేను దినామూ కలుపుతాండానే!"

ఆ మందు మా దాణాలోనే కొంత ఉంటుంది. అలా మూడు వైపుల నుంచీ పడింది. హద్దు దాటితే అది బి1 విటమిన్‌ను ఒంటికి పట్టనివ్వదు. నరాలు పట్టు తప్పి మెడ వెనక్కి విరుచుకుపోతుంది. వెంటనే ఆ నీళ్లు, దాణా తీయించి, వేంపల్లె నుంచి విటమిన్ తెప్పించాం. తాగగలిగినవాటికి నీళ్లలో కలిపాం, తాగలేనివాటికి నోట్లో చుక్కచుక్కగా పోశాం. జేజి కూడా ఒక కోడిని ఒళ్లో పెట్టుకుంది.

పొద్దు వాలుతుండగా ఒక కోడి తల దించి, నిద్ర లేచినట్టు చుట్టూ చూసి కొక్కొక్కమంది. తర్వాత దాని పక్కది. ఒక్కొక్క తలే వంగుతుంటే, పైన కూర్చున్నదేదో నెమ్మదిగా లేచి వెళ్లిపోతున్నట్టే ఉంది. మందు పోసిన నేనే మరోసారి పైకప్పు వైపు చూశాను. కొన్ని చచ్చిపోయాయి గానీ, చాలావరకు దాణా దగ్గరికి నడిచాయి. మామ జేసీబీ అతన్ని రావద్దని చెప్పి, గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

నేను మాత్రం గెలిచిన ఉత్సాహంలో జేజి పక్కన కూర్చుని నరాల గురించి, విటమిన్ల గురించి వివరంగా చెప్పాను. ఆమె అంతా విని, "అట్లనా" అంది. కాసేపు ఖాళీ రేకులవైపు చూసింది.

"పొద్దున్నుంచీ శానా మాట్లాడినా మే ఆయప్పతో. ఇంగొంచేపు ఉండనిచ్చింటే ఏం పోయేది?"

అన్నిటికీ కారణం తెలిసిన అప్పటి ఆ అమ్మాయి, అదే నేను, పాపం, గొంతు సవరించుకుని, బి1 విటమిన్ గురించి మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.