పాల మాస్టారు అడగమన్న ప్రశ్న

సూర్యనారాయణ మాస్టారు ఇక లేరు. ఈ సంచిక వేస్తున్న పూర్వవిద్యార్థులు నాతో "పరమపదించారు అని మొదలుపెట్టవయ్యా, నిండుగా ఉంటుంది" అన్నారు. నా వ్యాసాలు దిద్దిన రోజుల్లో ఆయన అలాంటి మాట కింద ఎర్ర గీత పెట్టేవారు. "చనిపోయాడని రాయరా. ఎక్కడికెళ్ళాడో నువ్వు చూసొచ్చావా?" అనేవారు. సైన్సు మాస్టారు గనక చూడనిది రాయనిచ్చేవారు కాదు. కాబట్టి చూసినంతవరకే రాస్తాను.

ఏలూరు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేసరికి నేను తాడేపల్లిగూడెంలో, నేను పనిచేసే రైసు మిల్లు ఆఫీసులో ఉన్నాను. "మాస్టారు పోయారండి" అంది అవతల గొంతు. "ఎక్కడికండీ?" అన్నాను. హాస్యానికి అనలేదు. నోరు ముందు పలికింది, బుర్ర తర్వాత విన్నది. ఫోను పెట్టేసి, ఎదురుగా నిలబడ్డ లారీ డ్రైవరుకి టీ చెప్పాను. అతను తాగనన్నాడు. అయినా తెప్పించాను. ఆ క్షణాన నా చేతనైన పని అదొక్కటే.

మాస్టారు మా నాన్నకి అన్నగారు. నాకు పెదనాన్న. పిల్లలు లేరు. చదువు కోసమని నన్ను చిన్నప్పుడే పెంటపాడు దగ్గర వాళ్ళింట్లో దింపారు, మళ్ళీ ఎవరూ తీసుకెళ్ళలేదు. సంస్మరణ వ్యాసాల్లో ఉండవలసిన ధవళవస్త్రం, నిర్మలహృదయం, నిరాడంబర జీవనం ఆయనకు పుష్కలంగా ఉన్నాయి. ఆ ధవళవస్త్రం మీద మాత్రం గేదె తోకతో కొట్టిన మరక ఎప్పుడూ ఒకటి ఉండేది. క్షీరాన్ని ఆయన ఒక సిద్ధాంతంగా స్వీకరించారు. ఆ సిద్ధాంతానికి పేడ తీసింది మా పెద్దమ్మ.

సాయంత్రాలు వాళ్ళ అరుగు మీద ట్యూషను. ఫీజు లేదు. షరతు ఒక్కటే: పుస్తకం తెరిచే ముందు ప్రతివాడూ ఒక గ్లాసు పాలు తాగాలి. మా పాడి గేదె గౌరి పాలన్నీ దానికే అయిపోయేవి. ఆ పూట ఇంట్లో ఏమీ దొరకని పిల్లలు చాలామంది ఆ గ్లాసు కోసమే వచ్చేవారు. వాళ్ళలో కొందరు పొరపాటున చదువుకున్నారు కూడా.

"పాలల్లో ఏముందిరా?" అనేవారు మాస్టారు.

"కాల్షియం, భాస్వరం" అని అరుగంతా అరిచేది.

"ఎవరికి మంచివి?"

"అందరికీ."

ఆ "అందరికీ"లో నేను లేను. గ్లాసు దింపిన కాసేపటికే నా కడుపులో పంచాయతీ మొదలయ్యేది. తర్వాత పెరటివైపు పరుగు. ఈ సంగతి విన్నవించుకుంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. "అలవాటు లేక అలా ఉంటుందిరా. పాలు పడకపోవడమేమిటి, అమ్మ పాలు తాగి పెరగలేదూ?" అనేవారు. మిరియాలు వేశారు, పసుపు వేశారు, తాటిబెల్లం కలిపారు. పాలు రంగులు మార్చాయి, కడుపు మాట మార్చలేదు. చివరికి పెద్దమ్మ జాలిపడి, ఆయన చూడకుండా నా గ్లాసులో పల్చటి మజ్జిగ పోసేది. నా బాల్యానికి ఆరోగ్యశాఖ ఆవిడే.

రిటైరైన కొన్నాళ్ళకి ఆయన కాళ్ళు వాచాయి. ఏలూరులో డాక్టరుగారు రక్తం, మూత్రం పరీక్షలు చేయించి, కిడ్నీలు నీరసించాయన్నారు. "పాలు తగ్గించాలండీ మాస్టారూ. వాటిలో భాస్వరం ఉంటుంది. మీ కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతున్నాయి" అన్నారు. మాస్టారు నావైపు చూశారు. అరుగంతా కలిసి అరిచిన ఆ మాట ఆ గదిలో ఒక్కసారి వినిపించినట్టయింది. మేమిద్దరం విననట్టు నటించాం.

రోజుకి అర గ్లాసు, కాఫీతో కలిపి. అదీ ఆజ్ఞ. దానికి కాపలా ఎవరు? "మనింట్లో పాలు చూసినా నోరూరనివాడు వీడొక్కడే. వీణ్ణి పెట్టండి" అన్నారు మాస్టారే. చిన్నప్పుడు నాకు గ్లాసు నింపిన చేతికి నేను గ్లాసు సగం చేసి ఇవ్వడం మొదలుపెట్టాను. చిన్న స్టీలు గ్లాసు, సగానికి గీత. ఆయన తాగాక గ్లాసుని కాస్త వంచి అడుగుకేసి చూసుకునేవారు, అంతే.

మళ్ళీ పరీక్ష చేయిస్తే రక్తం ముందటికన్నా అధ్వాన్నంగా ఉంది.

"పాలు తగ్గించలేదా మాస్టారూ?" అన్నారు డాక్టరుగారు.

"అయ్యో, చుక్క ఎక్కువివ్వలేదండీ" అంది పెద్దమ్మ. "కావాలంటే మా వాణ్ణి అడగండి."

నేను గంభీరంగా తలూపాను.

"మరి అన్నంలోకి ఏం వేస్తున్నారమ్మా?"

"పెరుగేనండి. పాలు లేక నీరసపడిపోతారని రెండుపూటలా గట్టి పెరుగు."

డాక్టరుగారు కలం కింద పెట్టారు. "ఆ పెరుగు దేంతో చేస్తున్నారమ్మా?"

"మన గేదె పాలేనండి. బయట కొన్నవి కాదు" అంది పెద్దమ్మ, పరువు నిలబడాలన్నట్టు.

తప్పు ఆవిడదని ఎవరూ అనుకోవద్దు. మా వైపు పాలు మానేశాడంటే గ్లాసు మానేశాడని అర్థం. పెరుగు అన్నంలో భాగం. మజ్జిగ దాహం కింద లెక్క. నెయ్యి మర్యాద కింద. వాటినెవరూ పాల ఖాతాలో వెయ్యరు. జీవితమంతా పాలు పెరుగయ్యే విధానం బోర్డు మీద బొమ్మ వేసి చెప్పిన మనిషి ఫ్యానుకేసి చూస్తూ, "ఇది నాకూ తట్టలేదురా బాబ్జీ" అన్నారు నాతో. మేం ముగ్గురం నవ్వాం. డాక్టరుగారు నవ్వలేదు. అప్పుడు భయం వేసింది.

లేచే ముందు మాస్టారు ఇంకో ప్రశ్న అడిగారు. "మా వాడికి చిన్నప్పట్నుంచీ పాలు పడవంటాడండీ. అలా నిజంగా ఉంటుందా?"

"ఎంతోమందికి ఉంటుందండీ" అన్నారు డాక్టరుగారు. "పాలల్లో చక్కెరని అరిగించే రసం పసితనం దాటాక చాలామందికి తగ్గిపోతుంది. గ్లాసుడు పాలు పడనివాళ్ళకి పెరుగో మజ్జిగో పడొచ్చు."

తాడేపల్లిగూడెం బస్సులో ఆయన కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నారు. పెద్దమ్మ పునుగులు పెట్టినా తీసుకోలేదు. ఊరు దగ్గరపడ్డాక నా మోకాలి మీద చెయ్యేసి, "నీ కడుపు అబద్ధమాడలేదురా" అన్నారు. "ఇప్పటికైనా దానికి చెప్పండి పెదనాన్నా, పాపం బెంగపెట్టుకుంది" అన్నాను. నవ్వారు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఆ యేడే పాత గౌరి మనవరాలు ఈనింది; దాని పేరూ గౌరే. మా వీధిలో గేదె ఈనితే జున్ను ఇంటింటికీ వెళ్ళాలి. ఆ పంపకానికి ముందు మొదటి ముక్క మాస్టారు రుచి చూసి, బెల్లం చాలిందో లేదో చెప్పాలి. అప్పటిదాకా గిన్నె గడప దాటదు. ఆ రోజు పెద్దమ్మ పళ్ళెం పట్టుకుని వచ్చి ఎవరికివ్వాలో తెలియక ఆయనకీ నాకూ మధ్య నిలబడిపోయింది.

"వాడికివ్వు" అన్నారాయన. "తిని చెప్పరా."

"నాకు పడదు కదా పెదనాన్నా."

"నాకూ పడదు కదరా."

తిన్నాను. ఆయన కళ్ళు మూసుకుని, "ఊఁ, చెప్పు" అన్నారు. మెత్తగా ఉందన్నాను. "ఎంత మెత్తగా?" నాలుకతో అదిమితే విడిపోతోందన్నాను. "మిరియం?" చివర్లో తగులుతోందన్నాను. "బెల్లం?" రవ్వంత తక్కువన్నాను. "నేనూ అదే అనుకున్నా" అన్నారు, తిన్నవాడిలాగే. గిన్నెలు గడప దాటాయి. నేను పెరట్లోకి పరిగెత్తాను. ఆ పరుగు నాకు బాధనిపించని రోజు అదొక్కటే.

తర్వాత ఆయనకొక పట్టుదల పుట్టింది. చూడవచ్చిన పాత శిష్యులందర్నీ, "నీకు ఆ పాలు పడేవా?" అని అడిగేవారు. మా జిల్లా మర్యాద తెలిసిందే కదా. "భలేవారే మాస్టారూ, బ్రహ్మాండంగా పడేవండి" అనేవారు అందరూ. ఆయన మొహం వాడిపోయేది. రోగి మనసు కష్టపెట్టకూడదని వాళ్ళూ, నిజం కావాలని ఆయనా, మధ్యలో కాఫీలు అందిస్తూ నేనూ.

ఒక్క మేరీ టీచరుగారు నిజం చెప్పారు. ఆవిడా ఆ అరుగు మీద చదివినావిడే, ఇప్పుడు ఊళ్ళో సైన్సు చెబుతున్నారు. "నాకు పడేవి కావండీ. మీరు బోర్డువైపు తిరిగినప్పుడు గోడ పక్క కాకరపాదుకి పోసేసేదాన్నండి" అన్నారు.

"అందుకా ఆ పాదు అంత కాసింది" అన్నారు మాస్టారు. చాలా రోజుల తర్వాత కడుపారా నవ్వారు.

"మా చెల్లి మాత్రం తాగేదండి. దానికి చాలా సాయంత్రాలు అదే అన్నం. అదింత మనిషయిందంటే ఆ గ్లాసు వల్లేనండి."

ఆయన నవ్వు ఆగింది. ఆవిడతో అన్నారు: "పాలు మంచివా అని అడిగితే, మంచివని రాసినవాడికి మార్కులు వెయ్యకమ్మా. చెడ్డవని రాసినవాడికీ వెయ్యకు. ఎవరికి, ఏ వయసులో, ఎంత అని తిరిగి అడిగినవాడికి వెయ్యి. నేను ఆ ప్రశ్న ఎవర్నీ అడగనివ్వలేదు." మేరీ టీచరుగారు కళ్ళు తుడుచుకుంటూ, "అలాగేనండి" అన్నారు.

పెరుగు మానేశారు. జున్ను మానేశారు. కిడ్నీలు మాత్రం ఏ కృతజ్ఞతా చూపించలేదు. చివరికి ఆసుపత్రి మంచమయింది. ఆఖరి సాయంత్రం నేను కాఫీ కలుపుతుంటే, "ఇవాళ నిండా పొయ్యరా" అన్నారు. "రేపు డాక్టరుగారిని అడిగి పోస్తాను పెదనాన్నా" అని, గీత దాకా పోసిచ్చాను. "మంచి కాపలాదారువిరా" అన్నారు. తాగి, గ్లాసు వంచి అడుగుకేసి చూసుకున్నారు. పోస్తే ఏమయ్యేదో తెలియదు. పొయ్యకపోతే ఏమయిందో తెలుసు. ఈ రెండింటి మధ్య ఏ సైన్సూ నాకు అందడం లేదు.

మూడో రోజు చితి చల్లారాక దాని మీద పాలు పోయడం మా ఆచారం. కొరివి పెట్టినవాణ్ణి నేనే గనక పోయవలసిందీ నేనే. పెద్దమ్మ గౌరి పాలు పితికించి, గుమ్మంలో నా చేతికి చెంబు ఇచ్చింది. "నిండుగా ఉంది, ఒలక్కుండా తీసుకెళ్ళు నాన్నా" అంది. కాలవగట్టు మీద నా వెనక మాస్టారి శిష్యులు నడిచారు. పాలు పడినవాళ్ళూ పడనివాళ్ళూ కలిసే నడిచారు. ఏదో ఒక చమత్కారం తోస్తుందేమోనని దారి పొడుగునా వెతికాను. తోచలేదు.

అటువంటి గురువు మాకు మళ్ళీ దొరకరు. తన పాఠాన్ని తానే దిద్దుకున్న మాస్టారి స్థానాన్ని నింపడం ఎవరి తరం? ఆయన మిగిల్చి వెళ్ళిన ఆ ప్రశ్నకి నమస్కరిస్తున్నాను. ఆ పాలు ఎవరికి మంచివని ఆ పొద్దున్న నన్నెవరూ అడగలేదు. ఎంత పొయ్యాలో చెప్పే డాక్టరు అక్కడ లేరు. చెంబుకి గీత లేదు. మొత్తం పోశాను. ఖాళీ అయ్యాక కూడా, ఆయన గ్లాసు వంచినట్టే, చెంబు వంచి అలాగే పట్టుకున్నాను. ఎవరో వచ్చి తీసుకునేదాకా.