బొరుగుల ఇంటి గ్రానోలా

పొద్దున ఆరున్నర అయ్యేసరికి పులివెందులలో ఆ వీధంతా తాళింపు వాసన. ఒకరింట్లో బొరుగులు తాళించిన ఉగ్గాని, ఒకరింట్లో దోశెలు, ఇంకొకరింట్లో రాత్రి మిగిలిన అన్నానికి పోపు. ఆ వాసనకు వీధిలో అందరికీ ఆకలి పుడితే జైనబ్ కూతురు ఆర్షియాకు మాత్రం కడుపులో తిప్పేది.

"ఇంగొక్క ముద్ద, నా బంగారు కదా."

"వద్దు మా. వాంతొస్తాది."

"ఒక్కటే."

"నిన్న గూడా ఒక్కటే అన్న్యావు."

మంచం మీద కూర్చున్న మస్తానమ్మ ఊరుకునే మనిషి కాదు. ఆమె జైనబ్‌కు అత్త, ఆర్షియాకు జేజి. "మా ఇంట్లో రాత్రి సంగటి మిగిలితే దానికోసం అక్కచెల్లెళ్ళం జుట్లు పట్టుకొని కొట్లాడేవాళ్ళం. ఈ మహారాణికి ఉగ్గాని గొంతు దిగదంట!"

"అయితే నాది గూడా నువ్వే తిను జేజీ."

"తింటా. ఇటియ్యి. నాకేమన్నా భయమా?"

బయట స్కూలు బస్సు హారన్ కొట్టేది. ఆర్షియా బ్యాగు తగిలించుకొని పరిగెత్తేది. పళ్ళెం ముందు జైనబ్ ఒక్కతే మిగిలేది. ఐదో తరగతికి వచ్చినప్పటి నుంచి రోజూ ఇదే వరస. మధ్యాహ్నం బాగానే తింటుంది, రాత్రి అడిగి మరీ పెట్టించుకుంటుంది. పొద్దున మాత్రం నూనె మరిగిన వాసన తగిలితే చాలు, నోరు బిగించేస్తుంది.

ఒకరోజు స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. ప్రార్థనలో నిలబడిన పిల్ల నిలబడినట్టే కింద పడిపోయిందట. జైనబ్ పైట సర్దుకోవడం కూడా మరచి ఆటో ఎక్కింది. డాక్టరమ్మ పిల్ల కనురెప్ప కిందికి లాగి చూసి, రక్తం తక్కువగా ఉందని మందు రాసింది. "మందొక్కటే చాలదమ్మా. పొద్దున కడుపులో ఏదో ఒకటి పడాల. ఖాళీ కడుపుతో ఇట్లే బడికి పంపిస్తే మళ్ళీ పడిపోతుంది" అని గట్టిగానే చెప్పింది. ఖోఖో నేర్పే సారు ఇంకో మాట అన్నాడు. తిని వచ్చిన రోజే ఆడనిస్తాడట. ఆర్షియాకు ఖోఖో అంటే ప్రాణం. ఆ మాటకు ఏడ్చింది గానీ, మర్నాడు ఉగ్గాని ముందు కూర్చోగానే మళ్ళీ అదే వికారం. పాపం, పిల్ల మాత్రం ఏం చేస్తుంది?

జైనబ్‌ను లోపల కోస్తున్న సంగతి ఇంకొకటుంది. ఆమె పుట్టింది ప్రొద్దుటూరులో, బొరుగులు, అంటే మరమరాలు, వేయించే బట్టీ ఉన్న ఇంట్లో. నాయన వలి బాషా ఇప్పటికీ ఆ బట్టీ నడుపుతున్నాడు. చిన్నప్పుడు ఆమె నిద్రపోయింది బొరుగుల మూటల మీద, ఆడుకున్నది శనక్కాయ పొట్టు కుప్పల్లో. ఆ పొట్టే పొయ్యిలో వేసే మంట. పెద్ద బాణలిలో ఇసుక కాగుతుంటే ఉప్పునీళ్ళు పట్టించి ఆరబెట్టిన బియ్యం అందులో పడేవి. చిటపటమని పువ్వుల్లా విచ్చుకునేవి. ఆ చప్పుడు విని ఇసుక ఎంత కాగిందో చెప్పడం ఆమెకు లంగాజాకెట్టు వయసులోనే వచ్చేసింది. ఆ తర్వాత జమ్మలమడుగు కోడలైంది. మొగుడు షంషుద్దీన్ తుమ్మలపల్లె గనికి పనివాళ్ళను తీసుకుపోయే బస్సుకు డ్రైవరు కావడంతో కాపురం పులివెందులకు మారింది. ఊర్లు మూడు మారినా ఆమె ఇంట్లో బొరుగుల డబ్బా ఎన్నడూ అడుగంటలేదు. ఎవరొచ్చినా ముందు దోసెడు బొరుగులు పెట్టిన చెయ్యి అది. అట్లాంటి దాని కడుపున పుట్టిన పిల్ల ఆకలికి కళ్ళు తిరిగి పడిపోయిందంటే ఆమెకు ముద్ద దిగడం లేదు.

పక్కింటి రమణమ్మ కూతురు సాహితి డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల చేతిలో ఫోన్ లేకుండా ఎవరూ చూడలేదు. ఒక సాయంత్రం పెరుగు కోసం వచ్చి, మస్తానమ్మ మంచం పక్కనున్న నల్లటి పెట్టెను చూసి ఆగిపోయింది. దాని మీద అల్లిన గుడ్డ, గుడ్డ మీద అద్దం, అద్దం పక్కన మాత్రల డబ్బా.

"అక్కా! ఇది ఎయిర్ ఫ్రయర్ కదా! దీన్ని బల్ల మాదిరి వాడుకుంటాండారా?"

"మా మరిది అలీ అహ్మద్ కువైట్ నుంచి తెచ్చినాడు, వాళ్ళమ్మకు."

"నా కొడుకు నాకు తెచ్చింది" అంది మస్తానమ్మ. "ఏం పెట్టుకుంటే నీకేంది మ్మే?"

సాహితి నవ్వి, ఫోన్‌లో ఒక వీడియో తీసి జైనబ్ చేతికిచ్చింది. "గ్రానోలా అంటారక్కా దీన్ని. ఓట్సు, గింజలు, తేనె అన్నీ కలిపి దీంట్లో పెడ్తే కరకరలాడ్తా వస్తాది. ఇంట్లో చేసుకుంటే తీపి మన ఇష్టం. పాలల్లో ఏసుకోవచ్చు, ఒట్టిదే నమలొచ్చు. బాణలి లేదు, తాళింపు లేదు."

జైనబ్ చెవిలో పడింది ఆ ఆఖరి మాట ఒక్కటే.

"వాసన రాదా?"

"బెల్లం ఏస్తే బెల్లం వాసన. అంతే."

ఇక అత్తను ఒప్పించాలి. "అత్తా, మీ పెట్టె ఒక్కసారి..."

"కాలిపోతే?"

"కాలదులే అత్తా."

"కాల్తే?"

"నేనే మీ కొడుక్కు ఫోన్ చేసి, కాల్చింది నేనేనని చెప్తా."

మస్తానమ్మ అద్దం తీసి దిండు కింద పెట్టుకుంది. ఒప్పుకున్నట్టే.

ఆదివారం జైనబ్ పనికి దిగింది. ఓట్సుకు బదులు జొన్న అటుకులు తీసుకుంది. శనక్కాయ పప్పులు, నువ్వులు, గుమ్మడి గింజలు వేసి, బెల్లం నీళ్ళు పలచగా కాచి అన్నిటికీ పట్టించింది. పెట్టె బుట్టకు చిల్లులుండడంతో నువ్వులు జారిపోతాయని, అందులో పట్టే అంచుల పళ్ళెం ఒకటి వెతికి దాంట్లో పరిచింది. ఇక్కడి దాకా చేసే తీరంతా వీడియోలో చెప్పినట్టే. కానీ బొరుగులు లేకుండా ఆమె ఇంట్లో ఏదైనా తయారవుతుందా? రెండు గుప్పిళ్ళు తీసి అన్నిటికంటే పైన పలచగా చల్లింది. బట్టీలో వానకాలం మెత్తబడిన బొరుగులను మళ్ళీ వేడి చేసేటప్పుడు అట్లాగే చేస్తారు. శనగలో, పప్పులో కింద పరిచి, వాటి మీద బొరుగులు పోస్తారు. బరువున్నది కింద, తేలికది పైన. ఆ చేతికి వేరే తెలీదు.

పెట్టె ఆన్ చేసింది. కాసేపు ఒట్టి గాలి చప్పుడు. తర్వాత లోపల వడగళ్ళు పడినట్టు టపటపలు. ఆ వెనకనే పొగ.

తెరిచి చూస్తే పళ్ళెం మీద బొరుగు ఒక్కటి లేదు. అన్నీ గాలికి లేచి, పైనున్న కాయిల్‌కు అతుక్కొని, నిప్పురవ్వల్లా ఎర్రగా వెలుగుతున్నాయి.

"అయ్యో, నా కొడుకు పెట్టె!" అని మస్తానమ్మ తలమీద చెయ్యి పెట్టుకుంది. "ఈడ అద్దం పెట్టుకున్యంతసేపు దానికేం కాలేదు గదే! నీ చెయ్యి పడ్న్యాంకనే కాలె!"

ఆర్షియా ముక్కు మూసుకొని బయటికి పరిగెత్తింది. గడప అవతల నుంచి అరిచింది. "ఆ పెట్టెలో చేసింది నేను తినను! ఎప్పుటికీ తినను!"

పిల్లకు వాసన లేని తిండి చేద్దామనుకుంటే, వీధంతా కంపు కొట్టింది. జైనబ్ ప్లగ్గు పీకింది. అది చల్లారాక బోర్లించి, పాత బ్రష్షుతో కాయిల్‌కు అంటిన మసి మెల్లగా గోకింది. మళ్ళీ ఆన్ చేస్తే గాలి వచ్చింది, వేడీ వచ్చింది. మస్తానమ్మ అప్పుడు ఊపిరి పీల్చుకుంది. జైనబ్ మాత్రం గోడకానుకొని ప్రొద్దుటూరుకు ఫోన్ చేసింది.

"నాయనా, బొరుగులు మాడిపోయినాయి."

"నీ చేతిలోనా?" అన్నాడు వలి బాషా. "ఎవురికీ చెప్పాకు మ్మే. తెలిస్తే నా బట్టీకి మనిషి రాడు."

"పొయ్యి మీద కాదు నాయనా. కరెంటు పెట్టెలో."

"ఇసక ఎంత పోసినావు?"

"దాంట్లో ఇసక ఉండదు. గాలితో ఏగుతాది."

"గాలితోనా! సరే, కానీ. మంట యాడుండాది?"

"పైన."

"పైననా? పొయ్యిని తిరగేసి చేసినాడు గదా వాడెవడో! సరే, నువ్వెట్ల పరిచినావు?"

"ఎప్పుడూ మాదిరే. బరువుయి కింద, బొరుగులు పైన. మంటకు దూరంగా ఉంటాయని..."

మాట మధ్యలోనే ఆగిపోయింది జైనబ్. పుట్టినప్పటి నుంచి ఆమె చూసిన నిప్పంతా కిందే. పైనున్న నిప్పు దగ్గరికి బొరుగులను తనే ఎత్తి పెట్టింది!

"అర్థమాయెనా?" అని వలి బాషా నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది. ఆ వారమంతా ఆ ఇంట్లో ఎవరూ అట్లా నవ్వలేదు.

మర్నాడు తెల్లవారుజామున షంషుద్దీన్ బస్సుకు పోయాక మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పళ్ళెం అడుగున బొరుగులు. వాటి మీద బెల్లం నీళ్ళు పట్టిన అటుకులు, పప్పులు, గింజలు దుప్పటిలా కప్పి, అరచేత్తో మెత్తగా అదిమింది. మధ్యలో బుట్టను ఊపమని వీడియోలో చెప్పారు. ఆమె ఊపలేదు. ఊపితే కిందివి పైకొస్తాయి. గరిటెతో పైపొరను మాత్రం కదిలించింది. టపటపలు లేవు. బట్టీలో చెవి పెట్టి వినడం అలవాటు, ఇక్కడ వినడానికి ఫ్యాను మోత తప్ప ఏమీ లేదు. అందుకని ముక్కునే నమ్ముకుంది. పచ్చి బెల్లం వాసన పోయి కమ్మగా వస్తూనే ఆపేసింది.

మస్తానమ్మ వేలితో నొక్కి చూసింది. "ఇంత చేసి మెత్తగుండాదే!"

"చల్లారనీండి అత్తా. చల్లారితేనే గట్టిపడేది."

చల్లారింది. గట్టిపడింది. విరిస్తే పటుక్కుమంది. ఖర్జూరం సన్నగా తరిగి అందులో కలిపింది.

బట్టీలో ఒక ఆనవాయితీ ఉంది. పొద్దున మొదటి జల్లెడ బొరుగులు తూకానికి పోవు. ఆ వేళకు వాకిట్లో ఎవరుంటే వాళ్ళ చేతిలో గుప్పెడు పెడతారు. తిను అని బతిమాలరు, వద్దంటే బలవంతపెట్టరు. చేయి చాపినవాళ్ళదే గుప్పెడు. జైనబ్ పళ్ళెం పట్టుకొని వాకిట్లోకి వచ్చింది. అత్త కొంగులో వేసింది. కాలేజీకి పోతున్న సాహితికి పెట్టింది. పాలాయన దోసిలి పట్టాడు. మెట్టు మీద కూర్చొని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్న ఆర్షియా దగ్గరికి వచ్చేసరికి ఆగలేదు, మాట్లాడలేదు. పిల్లను దాటి, పూలమ్మే ఆమెకు పెట్టింది.

చుట్టూ అందరి నోళ్ళూ కరకరలాడుతున్నాయి.

"నాకేది?" అంది ఆర్షియా.

"నువ్వు తిననన్న్యావు గదా."

"తినేదానికి కాదు. చూసేదానికి."

"చూడు" అని అరచేతిలో గుప్పెడు పోసింది.

ఆర్షియా ముందు ముక్కు దగ్గర పెట్టుకుంది. జైనబ్ పళ్ళెం వైపు చూస్తూ నిలబడింది, పిల్ల వైపు చూడటానికి ధైర్యం చాలక. వాంతి అనలేదు. ముక్కు మూసుకోలేదు. ఒక బొరుగు తీసి పంటి కింద పెట్టుకుంది. తర్వాత ఒక పప్పు. తర్వాత ఏరడం మానేసి అరచెయ్యి మొత్తం నోట్లోకి ఒంపుకొని, నమలడం అయ్యీ కాకముందే మళ్ళీ చెయ్యి చాపింది. జైనబ్ పోసింది. మళ్ళీ చాపింది. మళ్ళీ పోసింది.

బస్సు హారన్ మోగింది. పిల్ల బుగ్గలు ఉబ్బించుకొని పరిగెత్తి ఎక్కింది. బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి, వీధంతా వినబడేట్టు అరిచింది.

"మా! రేపు ఖర్జూరం ఏయాకు! పళ్ళకు అంటుకుంటాండాది!"

"చూస్తివా?" అంది మస్తానమ్మ. "అప్పుడే వంకలు పెడ్తాంది మహారాణి."

"పెట్టనీ అత్తా" అంది జైనబ్. లోపలికి పోయి, మిగిలిన దాంట్లోంచి ఖర్జూరం ముక్కలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది.

"అవి ఇటు తే మ్మే" అని మంచం మీద నుంచి చెయ్యి చాపింది ముసలామె. "నాకుండేటియే నాలుగు పళ్ళు. యాడ అంటుకుంటాయి?"