వదినతో వెలికొండల శిఖరానికి

మా చిట్టమూరు పొలాల్లో నిలబడి పడమరకు చూస్తే, వాన వెలిసిన ఉదయాల్లో ఆకాశం అంచున సన్నటి నీలిగీత కనిపిస్తుంది. అవే వెలికొండలు. గూడూరు మిషన్ బడిలో పిల్లలకు వాటి గురించి పాఠం చెప్పడమే గాని, నేనెప్పుడూ దగ్గరికి పోయి చూసింది లేదు. పోయింది మా వదిన రత్నమ్మ పట్టుదల వల్ల.

ఎద్దులబండి కింద పడి వదిన కుడికాలు విరిగింది. నెలల తరబడి మంచం మీద పడుకొని, పడమటి వాకిట్లోంచి ఆ గీతనే చూసేది. కర్ర పట్టుకొని లేచి నడిచిన రోజే, "కమలా, నన్ను దాని మీదికి తీసుకపో" అనింది.

"ఆ కాలుతోనా? మధ్యలో కూలబడితే ఎవురు మోస్తారు?" అన్నాడు మా అన్న.

"నన్ను మోయొద్దు, ఆపొద్దు. అంతే చాలు."

ఆ ఏడాదంతా పొలం గట్ల మీద తిరిగి నడక సాధన చేసింది. క్రిస్మస్ సెలవుల్లో బయల్దేరినాం.

పొద్దున ఏడింటికి గూడూరులో రాపూరు బస్సు ఎక్కినాం. నిమ్మకాయలు అమ్ముకొని ఊళ్లకు తిరిగిపోయే రైతులు, మడిచిన ఖాళీ గోతాలు. పక్క సీటు పెద్దాయన, "మొక్కుబడా అమ్మా?" అని అడిగినాడు. "లేదు నాయనా, కొండ చూసేదానికి" అనింది వదిన. ఆయన ఆమె కాలు వంక చూసి, గోతాలు పక్కకు జరిపి కాలు చాపుకునే చోటిచ్చినాడు.

రాపూరు హోటల్లో ఇడ్లీ తిని, బండి మాట్లాడుకొని సాయంత్రానికి కొండ కింద గుడి ఉండే పెంచలకోన చేరినాం. మేము కిరస్తానీలమని చెప్పినా సత్రం ఆయన చాప పరిచి, రాత్రికి పులిహోర పెట్టించినాడు. వెళ్లదలచినవాళ్లకు ఒక మాట: శిఖరానికి సరైన దారి లేదు. తెలిసిన మనిషిని వెంటబెట్టుకోండి, నీళ్లు దండిగా మోసుకపోండి. మాకు తేనె పట్టే చెంచయ్య తోడొచ్చినాడు.

తెల్లారకముందే ఎక్కడం మొదలుపెట్టినాం. వాగు వెంట రాళ్లు, తర్వాత వెదురు పొదలు, ఆపైన నడుమెత్తు బోదగడ్డి. ఎండ ఎక్కేసరికి వదిన నీడ కనిపించిన చోటల్లా ఆగుతోంది. శిఖరం కిందనే నున్నటి బండచరియ అడ్డమొచ్చింది. రెండడుగులు వేసిందో లేదో కాలు మడతపడి కూలబడింది.

చెంచయ్య జాలిగా, "ఈడికే చాలా పైకొచ్చినావు అక్కా. ఇంక దిగుదాం" అన్నాడు.

వదిన కాసేపు మోకాలు పట్టుకొని కళ్లు మూసుకునింది. ప్రార్థన చేసుకుంటోందని పెదాలు చూస్తే తెలిసింది. తర్వాత బండకు వీపు తిప్పి కూర్చుని, రెండు చేతులూ వెనక్కి ఆనించి, మంచి కాలుతో తన్నుకుంటూ పైకి జరగడం మొదలుపెట్టింది. అరచేతులు చెక్కుకపోయినాయి. నేను చెయ్యి అందిస్తే వద్దనింది. అట్లా జరిగి జరిగి, వెనక బండ లేకుండా గాలి తగిలినప్పుడు తలతిప్పి చూసింది.

"కమలా! ఇదేనా?"

అదే. మూడువేల అడుగుల పైచిలుకు. ఈ వెలికొండల్లో అంతకంటే ఎత్తయింది లేదు. ఉత్తరానికీ దక్షిణానికీ చూపు ఆనినంత మేరా ఒకదాని వెనక ఒకటి వరసలు. పడమర కడప సీమ, దాని ఆవల పాలకొండలు. నేను ఉత్తరానికి చెయ్యి చాపి, అక్కడ సోమశిల దగ్గర పెన్న ఈ కొండల్ని చీల్చుకొని మన నెల్లూరులోకి దిగుతుందని చెప్పినా.

వదిన మాత్రం తూర్పుకే చూస్తోంది. పచ్చటి మడులు, చెరువుల తళుకులు, అన్నిటికీ చివర కత్తి అంచులా మెరిసే సముద్రం.

"నన్ను కన్న నీళ్లు" అనింది. ఆమె పుట్టింది సముద్రం పక్కనే, పులికాటు సరస్సు ఒడ్డున. గట్టిగా నవ్వింది, అంతలోనే ఏడ్చింది, చెంచయ్య చేతులు పట్టుకొని మళ్లీ నవ్వింది.

మరుసటి రోజు తిరుగు బస్సులో నిమ్మకాయల వాసన నిండిపోయింది. వదిన చేతులకు గుడ్డలు చుట్టుకొని, కిటికీ పక్కన కునికిపాట్లు పడుతోంది. ఇన్నేళ్లూ నేను పిల్లలకు పటంలో వేలితో చూపింది ఒట్టి గోధుమరంగు మరక. ఆ మరకలో ఎంత గాలి, ఎంత రాయి, ఎంత ఆకాశం ఉన్నాయో ఒళ్లు నొప్పులతో సహా తెలుసుకున్నా.

గూడూరులో మా అన్న బండిలో వరిగడ్డి మెత్తగా పరిచి ఎదురుచూస్తున్నాడు. కంగారుగా దగ్గరికొచ్చి, "ఎందాకా పోయినారు?" అని అడిగినాడు.

వదిన తీరిగ్గా బస్సు మెట్లు దిగింది.

"ఇంక ఎక్కేదానికి పైన ఏమీ లేకపోతే దిగొచ్చినాం" అనింది.