హిమాలయాలకు సాధన చేయాలంటే హంసలదీవి రోడ్డు మీద నడవకండి

హిమాలయాల్లో స్పితి వైపు కొండ పల్లెల మీదుగా నడిచి, దాదాపు పదహారు వేల అడుగుల ఎత్తున్న కనుమ దాటే యాత్రకి మా వదిన, నేను పేర్లు ఇచ్చాం. వదిన అంటే మా ఆయన అక్కగారు, గుడివాడలో ఉంటారు. యాభై దాటాక కొండలు చూడాలన్న కోరిక ఆవిడది, వెంట వస్తానన్నది నేను. అడ్డం పడింది ఆవిడ భర్త, మా అన్నయ్యగారు. మేడ మెట్లెక్కితేనే మోకాళ్ళు పట్టుకునే మనిషిని అక్కడ ఎవరు మోస్తారని రోజూ ఒకటే పాట. చివరికి ఒక షరతు పెట్టారు. "కోడూరు నుంచి హంసలదీవి దాకా సంచీ వీపునేసుకుని నడువు. ఏ బండీ ఎక్కకుండా వచ్చావంటే ఇంక నోరెత్తను. ఎక్కావంటే మాత్రం యాత్ర మాట మర్చిపో."

మా వైపు కొండలెక్కడివి? ఎత్తంటే రైల్వే వంతెనే. బరువుతో నాలుగైదు గంటలు నడవగలిగితే చాలని ఫోన్లో గైడు కూడా చెప్పాడు కాబట్టి ఒప్పుకున్నాం. డిసెంబరు ఆదివారం, బందరులో తెల్లవారుజాము బస్సెక్కి అవనిగడ్డలో దిగాం. అక్కణ్ణుంచి ఆటోలో కోడూరు. ఆరున్నరకి నడక మొదలు. హంసలదీవి అక్కడికి పదిహేను కిలోమీటర్ల దాకా ఉంటుంది. సంచీల్లో ఎనిమిదేసి కిలోల బరువుండాలి. నేను నీళ్ళ సీసాలు పెట్టుకున్నాను. నీళ్ళు మోసుకుంటూ పోతే జనం నవ్వుతారని వదిన వాళ్ళ చేలో పండిన బియ్యం నింపుకున్నారు. అప్పుడే వద్దనాల్సింది.

తెలియనివాళ్ళకి చెబుతున్నాను, దివిసీమలో ఇద్దరాడవాళ్ళు సంచీలతో నడుస్తుంటే ఎవరూ చూస్తూ ఊరుకోరు. వచ్చిన ప్రతి బండీ ఆగింది. పాల క్యాన్ల బండి ఆగింది, వరిగడ్డి ట్రాక్టరు ఆగింది. ఒకావిడైతే ఇంట్లో ఏమన్నా గొడవయిందా అని మెల్లగా ఆరా తీసింది. నడవడం కంటే వద్దని చెప్పడానికే నాకు ఎక్కువ ఊపిరి ఖర్చయింది. ఒక ఆటో అబ్బాయి డబ్బులొద్దు ఎక్కండంటూ పక్కనే నెమ్మదిగా నడుపుతూ వదల్లేదు. విసుగెత్తి వదిన అనేశారు, "మొక్కు బాబూ. నడిచే వస్తామని స్వామికి మొక్కుకున్నాం."

అతను చేతులు కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు. భలే ఉపాయమనుకున్నాను. ఆ సంతోషం పక్క ఊరి దాకానే. అతను దారి పొడుగునా చెప్పుకుంటూ పోయాడు! ఊరి మొదట్లోనే ఒక పెద్దావిడ కొబ్బరికాయతో నిలబడి ఉంది. హంసలదీవి వేణుగోపాలస్వామి దగ్గర తమ పేరున కొట్టించమని, గోత్రం కూడా చెప్పి వదిన చేతిలో పెట్టింది. దేవుడి కాయని కాదనలేక వదిన సంచీలో వేసుకున్నారు. తర్వాతి ఊళ్ళో ఇంకొన్ని, వాటితోపాటు అరటిపళ్ళ అత్తం. ఎవరి బండి మీదైనా పంపించేద్దామని నేను మొత్తుకున్నాను.

"బండి మీద పంపేదుంటే వాళ్ళే పంపుకోరా? నడిచేవాళ్ళ చేతికిస్తే పుణ్యమనే కదా ఇచ్చారు," అన్నారు వదిన. బియ్యమన్నా ఎవరికైనా ఇచ్చేద్దామంటే వినలేదు. పోనీ నేను మోస్తానంటే, మొగుడితో పందెం వేసింది తనేనని కసిరారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పది గంటలు దాటాక ఆవిడ నడక మారింది. కల్వర్టు గోడ మీద కూలబడి మోకాలు రుద్దుకున్నారు. సరిగ్గా అప్పుడే ఆ ఆటో తిరిగొచ్చి ఆగింది. వదిన వెనక సీటు వంక చూశారు. ఇంకేం, అయిపోయిందనుకున్నాను. ఆ అబ్బాయి దిగి, మంచినీళ్ళ సీసా ఇచ్చి, "నిదానంగా నడవండమ్మా, మొక్కు కదా," అని తన దారిన తాను పోయాడు. ఎక్కమంటే ఎక్కేసేదాన్నని వదిన తర్వాత ఒప్పుకున్నారు.

గుడి మూసేలోపే, పదకొండున్నరకి చేరాం. మమ్మల్ని తీసుకెళ్ళడానికి కారులో వచ్చి నిలబడ్డ అన్నయ్యగారు ఆవిడ సంచీ అందుకోబోయారు. ఒక చేత్తో లేవలేదు. రెండో చెయ్యి కూడా వేసి, విప్పి చూశారు.

"ఇదంతా నువ్వే మోశావా?"

"మరి బండెక్కొద్దన్నారుగా."

వదిన ఎవరి గోత్రమూ తప్పకుండా చెప్పి కాయలన్నీ కొట్టించి బయటికొచ్చేసరికి, ఆయన కొట్లో ఇంకో కాయ కొని నిలబడ్డారు. లోపలికి వెళ్తారనుకుంటే ఆవిడ సంచీలో పెట్టారు. "ఇది ఇక్కడ కాదు. ఆ కొండ మీద కొట్టు. నా పేరు చెప్పు, చాలు."

ఇంకా రైలే ఎక్కలేదు, నా ఓపిక మాత్రం అయిపోయింది. ఒక్క స్వెట్టరు ఎక్కువైనా తీసెయ్యమని గైడు చెప్పిన చోటికి మేము కొబ్బరికాయ మోసుకెళ్ళాలట! మీరు మాత్రం సాధనకి నీళ్ళ సీసాలే నింపుకోండి, అలిసిపోతే పారబోసుకోవచ్చు. ఎవరైనా ఎక్కమంటే డాక్టరు నడవమన్నాడని చెప్పండి, మొక్కని చచ్చినా అనకండి. నిన్న వదిన సామాను సర్దుతుంటే పక్కనే ఉన్నాను. బరువు తగ్గించాలని సబ్బు కూడా సగానికి కోశారు. కొబ్బరికాయ తీసెయ్యమని నేను అనలేదు, అనను కూడా.